ఖరగ్‌పూర్: స్టూడియో అద్దం అరచేతికి వచ్చిన ఊరు

విశాఖపట్నంలో సాయంత్రం బండి ఎక్కి, సుమారు 760 కిలోమీటర్లు ఈశాన్యంగా ప్రయాణం చేసి, తెల్లవారే వేళకు ఖరగ్‌పూరులో దిగిన మనిషికి ఒక చిన్న భ్రమ కలుగుతుంది. బండి రాత్రంతా తిరిగి తిరిగి మళ్ళీ శ్రీకాకుళం జిల్లాలోనే ఎక్కడో ఆగిందేమో అనిపిస్తుంది. టీ అమ్మే కుర్రవాడు బెంగాలీలో కేకవేస్తాడు. మైకులో ప్రకటన హిందీలో వినిపిస్తుంది. కాని బెంచీ మీద కూర్చున్న ముసలమ్మ మనుమరాలిని మందలించేది మాత్రం అచ్చమైన ఉత్తరాంధ్ర యాసలో!

ఆమె కూర్చున్న ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. ప్రపంచంలో కెల్ల పొడవైన ప్లాట్‌ఫారమని ఒకప్పుడు పిల్లలు బడిలో వల్లెవేసినది దీనినే. 2013లో గోరఖ్‌పూరు, 2023 మార్చిలో 1507 మీటర్లతో హుబ్బళ్ళి ఆ బిరుదును పట్టుకుపోయాయి. బిరుదు పోయినంత మాత్రాన ప్లాట్‌ఫారం కురచబడలేదు. ఒక కొసన దిగి రెండవ కొసకు సామాను మోసుకుపోవడం నేటికీ అంతే కష్టం.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఎర్రమట్టి నేలమీద ఒక జంక్షనును, దాని ప్రక్కనే పెద్ద కార్ఖానాను నిర్మించింది. 1900లో రూప్‌నారాయణ నదిపై వంతెన పూర్తయి హౌరాతో సంబంధం కలిసింది. పనికి మనుషులు కావలసివచ్చారు. తూర్పుతీరం వెంబడి వేసిన రైలుమార్గం మీదుగా నాటి విశాఖపట్నం, గంజాం జిల్లాల పేద కుటుంబాలు తరలివచ్చాయి. శ్రీకాకుళం అప్పటికి ప్రత్యేక జిల్లా కూడా కాదు. కొలిమి దగ్గర, బాయిలరు దగ్గర, పట్టాల మీద పని దొరికినవారు తమ్ముళ్ళను, మేనళ్ళుళ్ళను పిలిపించుకున్నారు. 1920ల చివర ఈ రైల్వే కార్మికులు సమ్మె కట్టినప్పుడు వారి నాయకుడు బరంపురంలో పుట్టిన తెలుగువాడు, తరువాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి. మథురాకాటి, నీమ్‌పురా వంటి రైల్వే కాలనీలలో మూడు నాలుగు తరాల తెలుగు కుటుంబాలు బెంగాలీల, ఒడియాల, బీహారీల, పంజాబీల సరసన కాపురముంటున్నాయి. ‘మినీ ఇండియా’ అని ఊరికి పేరు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపిందంటే, దాని వెనుక ముఖ్యంగా ఉన్నది ఈ ఊరి తెలుగు జనమే.

అయితే రైల్వే క్వార్టరు సొంత ఇల్లు కాదు. బదిలీ వచ్చినా, పదవీ విరమణ అయినా ఖాళీ చేయవలసిందే. కొందరు ఊళ్ళోనే చిన్న స్థలం కొనుక్కుని స్థిరపడతారు. కొందరు పలాసకో, విజయనగరానికో తిరిగిపోతారు. పిల్లలు చదువుకుని బెంగుళూరుకో, హైదరాబాదుకో చేరతారు. ఇక్కడ కొలువున్నవారిలో చాలామంది ఎక్కడినుంచో వచ్చినవారు. వారి బిడ్డలు మరెక్కడికో పోయేవారు. ఇటువంటి ఊరిలో ఫొటో స్టూడియో నడపడమంటే, తన గిరాకీదారులు చెదరిపోతూ ఉండగా వారిని అంటిపెట్టుకుని ఉండడమన్నమాట.

పాతరోజులలో ఈ పనిని తపాలా శాఖ చేసిపెట్టేది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని స్టూడియోకు పోయి, వెనుక రంగుల తెర, ప్రక్కన పూలకుండీ పెట్టించుకుని ఫొటో దిగేవాడు. అది కవరులో స్వగ్రామానికి పోయి, పెళ్ళిచూపులకు ముందు పెళ్ళివారి చేతులలో తిరిగేది. పిల్ల పుడితే మరొక ఫొటో, అన్నప్రాశనకు ఇంకొకటి. పదవీ విరమణ నాడు తోటి కార్మికులతో దండలు వేసుకుని ఒక గ్రూపు ఫొటో. ఆ ఫొటోను అంటించిన అట్ట క్రింది మూలన స్టూడియో పేరు ఉబ్బెత్తు అక్షరాలలో అద్ది ఉండేది. ఫొటో పోయిన ఇంటికల్లా ఆ పేరూ పోయేది. ఎవరూ ప్రకటన అనుకోని ప్రకటన అది.

రెండవ ప్రకటన దుకాణం ముందరి అద్దాల బీరువా. కొత్త పెళ్ళికూతురు, బోసినవ్వుల పాప, కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషి అందులో సంవత్సరాల తరబడి నిలబడి దారిన పోయేవారిని పలకరించేవారు. ఎండకు రంగు వెలిసి ఆకుపచ్చగానో, నీలంగానో మారేవరకు వారికి విముక్తి లేదు. మా అమ్మాయి ఫొటో బజారులో ఎందుకు పెట్టావని తండ్రులు దెబ్బలాడటమూ, యజమాని బీరువా తాళం తీయడమూ దేశంలో ప్రతి స్టూడియోకూ తెలిసిన కథే. ఆ కథ ఇప్పుడు మరింత పెద్దదైంది.

స్టూడియోల రోజువారీ సంపాదన ఒక్క దెబ్బతో పోలేదు; కొంచెం కొంచెంగా ఇంకిపోయింది. 2010లో మొదటి ఆధార్ కార్డు జారీ అయింది. ఆధార్‌కు ఫొటో నమోదు కేంద్రంలోనే తీస్తారు. పాస్‌పోర్టు సేవా కేంద్రాలు వచ్చాక అక్కడా అంతే. దరఖాస్తులకు అంటించే ఫొటోలు స్టూడియోకు తిండిగింజల వంటివి; అవి తగ్గాయి. 2016 సెప్టెంబరులో జియో రంగప్రవేశంతో ఇంటర్నెట్ చవక అయింది. కెమెరా ఉన్న ఫోను ప్రతి జేబులోనూ చేరింది. అదే ఏడాది, ఖరగ్‌పూరుకు రెండు గంటల దూరంలోని కలకత్తాలో, 1863 నాటి బోర్న్ అండ్ షెపర్డ్ స్టూడియో మూతపడింది. 1991లో అగ్నిప్రమాదానికి గురై కూడా నిలిచిన సంస్థ అది. అంతటి సంస్థకే పట్టిన గతి చూసి, రెండు గదుల దుకాణదారు గుండె జారిందంటే వింత ఏమున్నది?

మిగిలినవి శుభకార్యాలు. ఫోను ఎంత మంచిదైనా, పెళ్ళిపీటల ముందు నిలబడవలసిన బంధువు ఫొటోలు తీస్తూ కూర్చోలేడు. కాబట్టి పెళ్ళి, ఓణీల వేడుక, అన్నప్రాశన, ఊరి పండుగ – వీటిమీదనే చిన్న ఫొటోగ్రాఫరు బ్రతకాలి. ఆ పని ఇప్పించేవారు ఎక్కడ ఉన్నారు? వారి చూపు దుకాణం అద్దం మీద లేదు, అరచేతిలోని అద్దం మీద ఉన్నది. అందుకే అతడు కూడా అక్కడికి పోక తప్పలేదు. ఫేస్‌బుక్, 2010లో వచ్చిన ఇన్‌స్టాగ్రామ్, 2018 జనవరిలో చిన్న వ్యాపారుల కోసం విడుదలైన వాట్సాప్ బిజినెస్, దుకాణం చిరునామా ఉచితంగా చూపించే గూగుల్ మ్యాపు – ఇవి నేటి అద్దాల బీరువాలు.

వీటి మర్మం తెలియక మొదట చాలామంది పొరబడతారు. ఫేస్‌బుక్‌లో పేజీ తెరిచి రోజూ ఒక ఫొటో పెడితే చాలునని భావిస్తారు. కాని స్నేహితులూ కుటుంబసభ్యులూ పెట్టినవాటికి ముందుచోటు ఇచ్చి, వ్యాపార పేజీలను వెనుకకు నెడతామని 2018 జనవరిలో ఆ సంస్థే ప్రకటించింది. అంటే స్టూడియో తన పేజీలో పెట్టిన పెళ్ళి ఫొటోకంటే, పెళ్ళికొడుకు తన ఖాతాలో పెట్టుకుని స్టూడియో పేరు జతచేసిన ఫొటోకే జనంలోకి వెళ్ళే బలం ఎక్కువ. అట్ట మూలన ఉబ్బెత్తు అక్షరాల వంటిదే ఇదీ. కొందరు ఈ సంగతి గ్రహించక, వధువు చెంపమీదకు వచ్చేంత పెద్ద అక్షరాలతో దుకాణం పేరు, ఫోను నంబరు ముద్రిస్తారు. అటువంటి ఫొటోను ఎవరూ ఇష్టపడి పంచుకోరు. పంచుకున్నా అంచు కత్తిరించి పంచుకుంటారు. పాతకాలపు దుకాణదారు అట్ట మూలతో సరిపెట్టుకున్నాడు. ఆ పాటి వివేకం నేడూ అవసరమే.

డబ్బు చెల్లించి ఇచ్చే ప్రకటనల సంగతి ఖరగ్‌పూరులో మరింత చిత్రం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు పటం మీద ఒక చుట్టు గీస్తారు. ఇన్ని కిలోమీటర్ల లోపల ఉన్నవారికి చూపించమని అడుగుతారు. కూరగాయల దుకాణానికి, బట్టల కొట్టుకు ఇది చక్కగా సరిపోతుంది. ఇక్కడ ఒక తెలుగింటి పెళ్ళి సంగతి ఊహించండి. పెళ్ళి జరిగేది ఖరగ్‌పూరు కల్యాణమండపంలో. పెళ్ళికూతురు ఉద్యోగం బెంగుళూరులో. డబ్బు ఇచ్చే తండ్రి రైల్వే క్వార్టరులో. ‘ఫలానా వాళ్ళ పెళ్ళిలో ఫొటోలు బాగా తీశారు, వాళ్ళనే పెట్టండి’ అని తీర్పు చెప్పే మేనత్త ఇచ్ఛాపురంలో. పటం మీది చుట్టులో ఇరుక్కునేది తండ్రి ఒక్కడే. పైగా, ఆ చుట్టులో నివసించేవారికే కాక ఇటీవల అక్కడ ఉన్నవారికి కూడా ప్రకటన చేరవచ్చునని కంపెనీయే చెబుతుంది. రోజూ ఇన్ని బండ్లు ఆగి కదిలే జంక్షనులో ఈ మాటకు అర్థం ఏమిటో ఆలోచించవచ్చు. మద్రాసు పోయే ప్రయాణికుడు కిటికీ దగ్గర టీ త్రాగుతూ, ఎన్నడూ దిగని ఊరి పెళ్ళి ఫొటోగ్రాఫరు ప్రకటన చూసే అవకాశం లేకపోలేదు. ఆ చూపుకు ఖర్చు మాత్రం స్టూడియోదే.

మేనత్తను చేరే దారి వేరు. అది వాట్సాప్ కుటుంబ గ్రూపు. పండుగలకూ పబ్బాలకూ, చావులకూ పుట్టుకలకూ ఖరగ్‌పూరును ఉత్తరాంధ్రతో కట్టి ఉంచిన దారం నేడు అదే. ఫొటోగ్రాఫరు పెట్టే స్టేటస్ 24 గంటలే ఉంటుంది. అది కూడా అతని నంబరు వారి ఫోనులోనూ, వారి నంబరు అతని ఫోనులోనూ ఉంటేనే సాధారణంగా కనిపిస్తుంది. ఒకేసారి పదిమందికి సందేశం పంపే జాబితాకూ అదే నిబంధన. కనుక పని పూర్తయ్యాక ‘నా నంబరు పేరుతో సహా దాచుకోండి’ అని ఇంటివారందరినీ అడిగిన ఫొటోగ్రాఫరు, అడగని అతనికంటే తెలివైనవాడు. మరొక చిన్న జాగ్రత్త: వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నలిగి, వన్నె తగ్గి చేరుతుంది, డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. కష్టపడి తీసిన ఫొటోను మసకబార్చి పంపి, పనితనం గూర్చి మంచి మాట ఆశించడం న్యాయం కాదు.

ఇక ఏమి చూపించాలి అన్న ప్రశ్న. 2020 జూన్ చివర టిక్‌టాక్ నిషేధం, జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ఆగమనం జరిగిన తరువాత కదిలే బొమ్మలదే రాజ్యమైంది. దేశమంతటా పెళ్ళి రీల్స్ ఒకే అచ్చులో పోసినట్టు తయారయ్యాయి: అదే పొగ, అదే పాట, నెమ్మదిగా తిరిగే అదే లెహంగా. ఖరగ్‌పూరు ఫొటోగ్రాఫరు చేతిలో ఉన్న అసలైన సొత్తు వేరొకటి. అతనికి రెండు పెళ్ళిళ్ళు తెలుసు.

బెంగాలీ వధువును పీటమీద కూర్చోబెట్టి ఎత్తుకుని వరుని చుట్టూ ఏడుమార్లు త్రిప్పుతారు. ఆమె తమలపాకులతో ముఖం కప్పుకుని ఉంటుంది. ఆకులు తొలగించి వరుని చూసే క్షణాన్ని ‘శుభదృష్టి’ అంటారు. తెలుగింట వధూవరుల మధ్య తెర ఉంటుంది. ముహూర్తం వేళ ఒకరి తలపై ఒకరు జీలకర్ర బెల్లం పెట్టాక తెర తొలగుతుంది. అక్కడ ఆకుల చాటు, ఇక్కడ గుడ్డ చాటు. రెండుచోట్లా ఆ క్షణం రెప్పపాటు; అది తప్పిపోతే మళ్ళీ పెట్టించడానికి వీలులేదు. తెలుగు సంప్రదాయం ఎరుగని ఫొటోగ్రాఫరు మంగళసూత్రధారణే ముఖ్యమనుకుని జీలకర్ర బెల్లం సమయానికి లెన్సు మార్చుకుంటూ కూర్చుంటాడు. ఈ రెండు చూపులనూ ప్రక్కప్రక్కన తన పేజీలో పెట్టగలిగినవాడికి వేరే ప్రకటన ఎందుకు? బెంగాలీ తల్లికీ తెలుగు తల్లికీ కూడా అది ఒక్కటే మాట చెబుతుంది: ‘ఇతనికి మన పెళ్ళి తెలుసు.’

రెండు పెళ్ళిళ్ళు తెలియడంలో మరొక లాభం క్యాలెండరుది. తెలుగువారు ఆషాఢంలో పెళ్ళిళ్ళు చేయరు. బెంగాలీల ఆషాఢం పెళ్ళిళ్ళ నెల. బెంగాలీలు కార్తికంలో చేయరు. తెలుగువారి కార్తికంలో బాజాలు మోగుతాయి. భాద్రపదం, పుష్యం ఇద్దరికీ ఖాళీయే. ఒక్క సమాజాన్నే నమ్ముకున్న స్టూడియో నెలల తరబడి ఈగలు తోలుకుంటుంది. అయితే దసరాకు ముందు ఊరిలో డబ్బు కదలాడుతుంది. గత కొన్నేళ్ళుగా గెజిటెడ్ కాని రైల్వే ఉద్యోగులకు 78 రోజుల వేతనం లెక్కన, గరిష్ఠంగా 17,951 రూపాయల బోనసు ఆ రోజులలో ప్రకటిస్తున్నారు. పిల్లలకు కొత్త బట్టలు కొనేది అప్పుడే. ఆ బట్టలలో కుటుంబమంతా కలిసి ఫొటో దిగమని పిలిచే సందేశం ఆ వారంలో వెళ్ళాలి. నెల గడిచాక వెళ్ళితే చేతిలో పైసా ఉండదు.

భాష విషయంలోనూ ఊరి స్వభావం ఎరగాలి. ఇక్కడి తెలుగు పిల్లలలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో హిందీయో ఇంగ్లీషో బెంగాలీయో చదివినందువలన తెలుగు లిపి చదవలేనివారు ఉన్నారు. వారి అమ్మమ్మలకు తెలుగు తప్ప మరొక లిపి రాదు. రాతలో ఒకరిని పిలిస్తే మరొకరు దూరమవుతారు. రీలుకు వెనుక నుంచి రెండు తెలుగు మాటలు గొంతుతో పలికితే ఇద్దరికీ అందుతుంది. ఇక మాతా పూజల ఊరేగింపు వంటి ఊరి తెలుగు పండుగల దృశ్యాలకు ఏ భాషా అక్కరలేదు. ఊరు విడిచిపోయినవారు ఫోనులో వెతుక్కుని చూసేవి అవే. ఆ ఫొటోల వలన ఆ రోజుకు పైసా రాకపోవచ్చు. కాని వాటిని తీసినవాని పేరు గుర్తుంటుంది.

ఇంతవరకు చెప్పినది నేర్పుకు సంబంధించినది. దీనికి అడుగున మరొక విషయం ఉన్నది. దానిని చాలామంది ఫొటోగ్రాఫర్లు తలచుకోవడానికే ఇష్టపడరు. తన ప్రకటనకు అతడు వాడుకునేది తన ముఖం కాదు.

ఈ సున్నితం కొత్తది కాదు. నిజాముల కాలపు ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళ్ 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచాడు. దానిని నడిపినది ఒక ఆంగ్ల స్త్రీ. ఫొటో తీయించుకోవాలన్న ముచ్చట, పరాయి కంటబడకూడదన్న పట్టుదల – రెండూ ఒకే మనిషిలో ఉంటాయని ఆ వ్యాపారి గుర్తించాడు. చట్టం కూడా ఈ విషయంలో ఫొటోగ్రాఫరు అనుకున్నట్టుగా లేదు. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, ఒకరు ప్రతిఫలం ఇచ్చి కోరి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. బటను నొక్కినవాడు కాదు. అంటే పెళ్ళివారి అనుమతి లేకుండా వారి ఫొటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం మర్యాదకే కాదు, చట్టానికీ విరుద్ధం కావచ్చు.

బజారులోని బీరువాకు తాళం ఉండేది. తండ్రి దెబ్బలాడితే ఫొటో బయటికి వచ్చేది. నేటి బీరువా నుంచి తీసేసే లోపల ఆ ఫొటోను ఎవరు ఎక్కడ దాచుకున్నారో చెప్పగలవారు లేరు. మరో ఊరి మరో స్టూడియో అదే ఫొటోను తన పనిగా పెట్టుకోవడమూ ఉన్నది. పేజీలో ఆణిముత్యాల వంటి పది ఫొటోలు చూసి మోసపోకుండా, ఒకే పెళ్ళి ఆల్బం మొదటినుంచి చివరిదాకా చూపించమని అడగడం పెళ్ళివారికి మంచిది. చూపించలేనివాడు ఎందుకు చూపించలేడో ఊహించడం కష్టం కాదు.

అనుమతి అడగడం వలన వ్యాపారం చెడుతుందని భయపడేవారున్నారు. అడిగే తీరులో ఉన్నది. అడ్వాన్సు పుచ్చుకునేటప్పుడే రసీదు మీద మూడు ప్రశ్నలు వ్రాసి ఉంచవచ్చు: ఫొటోలు మా పేజీలో పెట్టవచ్చునా? పెళ్ళికూతురు ముఖం కనబడవచ్చునా? పిల్లల ఫొటోలు పెట్టవచ్చునా? పెళ్ళికూతురిని విడిగా అడగాలి. తండ్రి తలూపినంత మాత్రాన సరిపోదు. వద్దన్నవారి పెళ్ళి నుంచి కూడా చేతులు, గోరింటాకు, తలంబ్రాల పళ్ళెం, తెర అంచు తీసి చూపవచ్చు. అటువంటి ఫొటోలు ముఖాలకంటే ఎక్కువసేపు చూడబుద్ధి వేయడం కద్దు.

ఈ హంగామా ఏదీ అక్కరలేని పని ఒకటి ఖరగ్‌పూరు స్టూడియోలకు ఇంకా మిగిలి ఉన్నది. రైల్వే ఉద్యోగి పదవీ విరమణ చేసేటప్పుడు పింఛను కాగితాలకు భార్యాభర్తలు కలిసి దిగిన ఫొటో జతపరచాలి. ముప్ఫై అయిదేళ్ళు డ్యూటీ తిరిగిన మనిషి, ఆ క్వార్టరులోనే పిల్లలను పెంచిన ఇల్లాలు బల్లమీద ప్రక్కప్రక్కన కూర్చుంటారు. పెళ్ళినాటి ఫొటో తరువాత కొందరికి ఇది రెండవది. ఫొటోగ్రాఫరు లైటు సరిచేసి, ‘కొంచెం దగ్గరగా జరగండి’ అంటాడు. ఆమె నవ్వు ఆపుకుంటుంది. ఆయన కాలరు సర్దుకుంటాడు.

‘ఎన్ని కాపీలండీ?’

‘ఆఫీసుకు కావలసినవి తియ్యి బాబూ. మరొకటి ఇంటికి. ఇంకొకటి పెద్దది, పలాస పంపాలి.’